ప్రాథమిక బడిలో చరిత్ర: తేదీల కంటే ముందు నేర్పవలసినవి

మన ప్రాథమిక పాఠశాలల్లో చరిత్ర అనే పేరుతో విడిగా పాఠ్యాంశం లేదు. మూడు నుంచి ఐదో తరగతి వరకు పరిసరాల విజ్ఞానం చెబుతారు. నీరు, ఆహారం, ఇల్లు, ప్రయాణం వంటి పాఠాల నడుమ గతం గురించిన సంగతులు అక్కడక్కడా తగులుతాయి. సాంఘిక శాస్త్రం ఆరో తరగతిలో మొదలవుతుంది కాబట్టి అప్పటిదాకా చరిత్ర ఆగి ఉంటుందని పాఠ్యప్రణాళిక చూసినవారికి అనిపిస్తుంది. కానీ అది ఆగి ఉండదు. ఆగస్టు 15కో, గాంధీ జయంతికో, నవంబరు ఒకటికో విజయవాడలోనైనా గుంటూరులోనైనా ఏ బడి వేదిక దగ్గరికి వెళ్ళినా గాంధీ, ఝాన్సీ లక్ష్మీబాయి, రుద్రమదేవి, అల్లూరి సీతారామరాజు ఒకే వరుసలో నిలబడి ఫొటో దిగుతూ కనిపిస్తారు. 13వ శతాబ్దంలో ఓరుగల్లును ఏలిన రుద్రమకూ, 1924లో బ్రిటిష్‌వారి తుపాకులకు బలైన అల్లూరికీ మధ్య ఆరు వందల ఏళ్ళకు పైగా అంతరం ఉందన్న సంగతి ఆ వేషాలు వేసిన పిల్లలకు ఎవరూ చెప్పరు. వారి లెక్కలో అందరూ ‘పూర్వం’ ఉన్నవాళ్ళే.

అంటే చిన్నపిల్లలకు చరిత్ర చెప్పాలా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదు. ఎటూ చెబుతూనే ఉన్నాం, అయితే వరుస లేకుండా, ఆధారం లేకుండా చెబుతున్నాం. ఆ రెండింటినీ, అంటే ఏది ముందు ఏది తరువాత అన్న వరుసనూ, అది మనకు ఎలా తెలిసిందన్న ఆధారాన్నీ, పదేళ్ళలోపే నేర్పవచ్చన్నది ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న విషయం. తేదీలూ రాజవంశాలూ ఆ తరువాత వచ్చినా నష్టం లేదు.

ఈ వయసుకు చరిత్ర ఎక్కదన్న అభిప్రాయం ఊరికే పుట్టింది కాదు. స్విస్ మనస్తత్వవేత్త జీన్ పియాజే ప్రతిపాదించిన పిల్లల ఆలోచనా వికాస దశలను చరిత్ర బోధనకు అన్వయించిన కొందరు పరిశోధకులు, కంటికి కనిపించని గతాన్ని గురించి తర్కించే శక్తి కౌమారంలో గానీ రాదని 1960లు, 70లలో వాదించారు. ఏ విషయాన్నైనా ఏ వయసు పిల్లలకైనా వారికి అందే రూపంలో నిజాయితీగా నేర్పవచ్చని అమెరికన్ మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ అంతకు ముందే చెప్పి ఉన్నాడు. 1990లలో కీత్ బార్టన్, లిండా లెవ్‌స్టిక్ అనే అమెరికన్ పరిశోధకులు వేర్వేరు కాలాల చిత్రాలను పిల్లల ముందు పెట్టి, వాటిని కాలక్రమంలో పేర్చమన్నారు. బాగా చిన్నవాళ్ళు కూడా బట్టలను, బండ్లను, ఇళ్ళను చూసి ఏది ముందో ఏది తరువాతో చాలావరకు పట్టుకున్నారు. సంవత్సరాల అంకెలు మాత్రం వారికి చాలాకాలం పాటు ఉత్త అంకెలుగానే మిగిలాయి. పై తరగతులకు వచ్చాకే వాటికి అర్థం ఏర్పడింది. కాబట్టి పిల్లలకు అందనిది తేదీయే తప్ప గతం కాదని చెప్పవచ్చు.

తేదీ ఎందుకు అందదో లెక్కల పుస్తకమే చెబుతుంది. నాలుగంకెల సంఖ్యలు అప్పుడప్పుడే అలవాటవుతున్న పిల్లవాడి చేత 1855 అని పలికించడం సులువే. కానీ ఇప్పటికీ 1855కూ మధ్య ఎంత దూరమో తెలియాలంటే తీసివేత రావాలి, ఆ వచ్చిన నూట డెబ్బై చిల్లర ఏళ్ళు ఎంత పొడవో ఊహకు తట్టాలి. 1801 నుంచి 1900 వరకు ఉన్న కాలాన్ని పంతొమ్మిదో శతాబ్దమని ఎందుకంటామో పెద్దవాళ్ళే తడబడతారు. ఇక క్రీస్తు పూర్వం అంటే అంకె పెరిగేకొద్దీ కాలం వెనక్కి పోతుంది. రుణసంఖ్యలు ఆరో తరగతిలో గానీ రావు. అలాంటప్పుడు నాలుగో తరగతి పిల్లకు ‘క్రీ.పూ. 3వ శతాబ్దం’ అని చెప్పి ఊరుకుంటే ఆమె దాన్ని ఒక పేరులాగా గుర్తు పెట్టుకుంటుంది, కాలంగా కాదు.

దీనికి మన పెద్దవాళ్ళ లెక్క ఒక దారి చూపిస్తుంది. రేపల్లె, దివిసీమ వైపు వృద్ధులను మీ పెద్దబ్బాయి ఎప్పుడు పుట్టాడని అడిగితే సంవత్సరం చెప్పరు, ఉప్పెనకు ముందో తరువాతో చెబుతారు. 1977 నవంబరు 19 నాటి ఆ ఉప్పెన వారి కాలానికి గుంజలాంటిది. మిగిలిన సంగతులన్నీ దానికి అటో ఇటో కట్టి ఉంటాయి. విజయవాడ పిల్లలకు కూడా అలాంటి గుర్తు ఒకటి ఇప్పటికే ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పరిసర కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద కిందికి పోయింది. ఇప్పుడు నాలుగు, ఐదు తరగతుల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి ఆ రోజులు గుర్తున్నాయి.

చరిత్ర పాఠాన్ని అక్కడే మొదలు పెట్టవచ్చు. నీళ్ళు ఎంతవరకు వచ్చాయని ఉపాధ్యాయురాలు అడిగితే ఒకరు నడుం లోతు అంటారు, ఒకరు కిటికీ దాకా అంటారు, మా వీధికి రానే రాలేదని మరొకరంటారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరు నిలబడ్డ చోటు వారిది. ఎవరైనా గోడ మీద నీటి చార ఇంకా ఉందని చెబితే, అది ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడని సాక్ష్యం. సున్నం వేసిన గోడకు ఆ చార ఉండదు. అంటే చార లేనంత మాత్రాన అక్కడికి నీళ్ళు రాలేదని అర్థం కాదు. మనుషులు చెప్పేది, వస్తువు చూపించేది, కాలం చెరిపేసేది అనే మూడు సంగతులు ఇంత చిన్న మాటల్లో పిల్లలకు అందుతాయి. విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివేవారు కూడా ఈ మూడింటితోనే కుస్తీ పడతారు. ఒక జాగ్రత్త అవసరం. ఆ వరదలో సామాను, ఉపాధి పోగొట్టుకున్న కుటుంబాల పిల్లలు ఆ గదిలోనే ఉంటారు కాబట్టి, చెప్పదలచుకున్నవారిని చెప్పనివ్వాలే తప్ప ఎవరినీ లేపి నిలబెట్టి అడగకూడదు.

ఈ గుర్తు నుంచి వెనక్కి నడిస్తే ఎదురయ్యేది బ్యారేజీయే. అక్కడ పిల్లలూ పెద్దలూ కూడా చిక్కుపడతారు. కాటన్ దొర కృష్ణ మీద బ్యారేజీ కట్టాడని ఒకరంటారు, ప్రకాశం పంతులు కట్టించాడని ఇంకొకరంటారు. కట్టడాలు రెండు. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చేసిన నందన కరువులో లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. ఆ కరువు తరువాత రెండు దశాబ్దాలకు గానీ కృష్ణకు ఆనకట్ట పడలేదు. ఆర్థర్ కాటన్ పథకం ప్రకారం చార్లెస్ ఆర్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో 1852లో మొదలైన పని 1855లో పూర్తయింది. దాదాపు శతాబ్దం పాటు నీళ్ళిచ్చిన ఆ ఆనకట్టకు 1952లో గండి పడింది. దాని దగ్గరే 1954లో మొదలుపెట్టి 1957లో పూర్తి చేసిన కొత్త కట్టడం ఇప్పుడు మనం దాటే బ్యారేజీ. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం. ఆయన 1957 మే నెలలో కన్నుమూశారు, బ్యారేజీకి ఆయన పేరు పెట్టారు. పేరు ఉన్నంత మాత్రాన ఆయనే కట్టించారని కాదు, కాటన్ విగ్రహం కనిపించినంత మాత్రాన కళ్ళముందున్నది ఆయన కట్టించిందని కాదు.

ఈ పాఠంలో పరీక్షకు పనికొచ్చే బిట్టు 1957. పిల్లవాడికి పనికొచ్చేది మాత్రం వేరు. కరువు ముందు, ఆనకట్ట తరువాత, గండి ఆ తరువాత, బ్యారేజీ చివర. ఒక్కొక్కటి రావడానికి దాని ముందున్నది ఒక కారణం. ఈ వరుస తెలిసిన పిల్లవాడు సంవత్సరాలను ఆరో తరగతిలో ఒక్క పూటలో పట్టేస్తాడు. సంవత్సరాలు మాత్రమే తెలిసిన పిల్లవాడికి వరుస తనంతట తాను రాదు.

వరుసతో పాటు ఎడం కూడా తెలియాలంటే నడిపించడం మంచిది. ఒక్కో అడుగుకు పదేళ్ళు అనుకుని బడి గేటు దగ్గర నుంచి పిల్లలను బయలుదేరదీయాలి. వాళ్ళు పుట్టిన ఏడు మొదటి అడుగు దాటదు. ఏడో అడుగు దగ్గర బ్యారేజీ, పదిహేడో అడుగు దగ్గర పాత ఆనకట్ట, ముప్ఫై నాలుగో అడుగు దగ్గర గోల్కొండలో అక్కన్న మాదన్నల కాలం వస్తాయి. అమరావతి స్తూపం మొదలైన రోజులను అందుకోవాలంటే రెండు వందల అడుగులు దాటి ఇంకా నడవాలి. ఆనకట్ట నుంచి స్తూపం దాకా ఉన్న ఆ ఖాళీని కాళ్ళతో నడిచిన పిల్లలు ఆ రెండూ ‘పూర్వం’ కట్టినవేనని మళ్ళీ అనరు. అపార్ట్‌మెంటులో నడిచే బడులకు రెండు వందల అడుగుల జాగా ఎక్కడిదని అడగవచ్చు. వరండాలో అటూ ఇటూ తిరిగైనా లెక్క పూర్తి చేయవచ్చు, కాకపోతే అమరావతికి చేరేసరికి అందరికీ కాస్త కళ్ళు తిరుగుతాయి.

ఇల్లు, వీధి, ఊరు, జిల్లా, రాష్ట్రం, దేశం అన్న క్రమంలో పాఠాలు పేర్చడం మన ప్రణాళికలకు చాలాకాలంగా ఉన్న అలవాటు. దగ్గరిది సులువు, దూరానిది కష్టం అన్న నమ్మకం దాని వెనుక ఉంది. ఇందులో కొంత నిజముంది. ఇంగ్లండులో ఐదు నుంచి ఏడేళ్ళ పిల్లల చరిత్ర పాఠాలు కూడా బతికి ఉన్నవారి జ్ఞాపకంలోని మార్పులను తప్పక చెప్పాలంటాయి, అయితే వాటితోపాటే ఆ జ్ఞాపకానికి అందని ఘట్టాలనూ, ప్రసిద్ధులనూ కూడా చేరుస్తాయి. చిన్నపిల్లలకు రాక్షసబల్లులు, రాజులు, కోటలు ఎంత దూరానివైనా ఇష్టమే. దగ్గరున్నది ఒక్కోసారి మహా చిక్కుగా ఉంటుంది. ఇంద్రకీలాద్రి కింద ఉన్న అక్కన్న మాదన్న గుహలనే తీసుకోండి. అక్కన్న, మాదన్న గోల్కొండ చివరి సుల్తాను తానీషా కొలువులో మంత్రులు, 1686లో హత్యకు గురయ్యారు. గుహలు వారికంటే దాదాపు వెయ్యేళ్ళు పాతవి. పేరు పలక చూసిన పిల్లవాడు గుహలను వాళ్ళే తొలిపించారని అనుకోవడంలో తప్పేమీ లేదు, పెద్దలు కూడా అలాగే అనుకుంటారు. కాళ్ళకు దగ్గరగా ఉన్న ఈ చోటు మనసుకు అందాలంటే, కట్టిన కాలం ఒకటి, పేరు పడిన కాలం మరొకటి అన్న సంగతి ముందు తెలియాలి. ఆ సంగతిని బ్యారేజీ దగ్గర నేర్చుకున్న పిల్లలకు ఇక్కడ అది రెండోసారి ఎదురవుతుంది. పాఠాలను దూరాన్ని బట్టి కాకుండా ఇలాంటి చిక్కును బట్టి పేర్చుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఆధారం అంటే ఏమిటో చూపించడానికి గుహల దాకా కూడా వెళ్ళనక్కరలేదు. చాలా ప్రభుత్వ పాఠశాలల్లో ఏదో ఒక గదికి శిలాఫలకం ఉంటుంది. శంకుస్థాపన ఫలానా రోజున ఫలానా మంత్రి గారి అమృత హస్తములతో జరిగినదని, అధ్యక్షులు ఫలానా వారని, పెద్ద అక్షరాలతో కొన్ని పేర్లు, చిన్న అక్షరాలతో మరికొన్ని పేర్లు ఉంటాయి. పిల్లల చేత దాన్ని చదివించి, ఇది రాయించింది ఎవరు, ఎవరు చూడాలని రాయించారు, ఎవరి పేరు పెద్దగా ఉంది, ఇటుకలు పేర్చిన తాపీమేస్త్రి పేరు ఎక్కడుంది అని అడగాలి. స్థలం ఇచ్చిన వారి పేరు ఉండవచ్చు, లేకపోవచ్చు. గది కట్టక ముందు పిల్లలు ఏ చెట్టు కింద కూర్చునేవారో ఆ రాయి చెప్పదు. ఊళ్ళో పెద్ద వయసువారు ఎవరైనా చెప్పగలరు. పూర్వపు రాజుల శాసనాలు కూడా ఇలాంటివే. దానం ఇచ్చినవారిని పొగుడుతాయి, రోజు చెబుతాయి, రాయి చెక్కినవారిని గురించి మాత్రం తరచూ ఏమీ చెప్పవు. తమ బడి శిలాఫలకాన్ని ఇలా చదివిన ఐదో తరగతి పిల్లలకు, కొండవీటి రెడ్డిరాజుల శాసనం ఎదురైనా అడగవలసిన ప్రశ్నలు ముందే తెలిసి ఉంటాయి.

అమరావతికి విహారయాత్ర తీసుకువెళ్ళే బడులు చాలా ఉన్నాయి. బుద్ధుడి విగ్రహం దగ్గర ఫొటోలు అయ్యాక స్తూపం చూపిస్తే పిల్లలకు నిరాశే మిగులుతుంది, ఎందుకంటే అక్కడ ఉన్నది తక్కువ ఎత్తు దిబ్బ, కొన్ని రాళ్ళు. పుస్తకంలో చూసిన శిల్పాలు ఏవని అడుగుతారు. దానికి జవాబే అసలు పాఠం. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కోలిన్ మెకంజీ 1797లో మొదటిసారి వచ్చేనాటికే అక్కడి రాళ్ళను స్థానిక నిర్మాణాలకు తవ్వి తీసుకుపోతున్నారు. 1816లో ఆయన మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించేసరికి స్తూపం రూపం చాలావరకు చెదిరిపోయింది. పల్నాటి సున్నపురాయి కావడంతో కొన్ని శిల్పాలు సున్నపు బట్టీలకు కూడా పోయాయి. తరువాతి తవ్వకాల్లో దొరికినవాటిలో చాలా భాగం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి, కొన్ని అమరావతి మ్యూజియంలోనే ఉన్నాయి. ఇంటికి సున్నం కావలసిన మనిషి చెడ్డవాడా, రాళ్ళను ఓడలెక్కించిన దొర మంచివాడా అన్న ప్రశ్నకు పదేళ్ళ పిల్లలు గట్టిగా వాదించుకోగలరు. తీర్పు చెప్పవలసిన పని ఉపాధ్యాయులకు లేదు. పోయిన రాతి బొమ్మ ఎలా ఉండేదో మెకంజీ గీయించిన చిత్రాల వల్లనే కొంత తెలుస్తోందని చెబితే, ఆధారం ఒక చోట పోయినా మరో చోట మిగలవచ్చునని వారికి అర్థమవుతుంది.

కథ సంగతి వేరుగా చెప్పుకోవాలి. చిన్నపిల్లలకు చరిత్రను కథగా చెప్పాలని అందరూ అంటారు, నేనూ ఒప్పుకుంటాను. 1928లో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా మద్రాసులో జరిగిన ప్రదర్శనలో పోలీసు తుపాకుల ముందు ప్రకాశం గుండె చూపించిన ఘట్టం కథగా చెబితేనే రక్తి కడుతుంది. కానీ అదే గొంతుతో, అదే పూట, పేదరాశి పెద్దమ్మ కథ కూడా చెబితే రెండింటికీ తేడా పిల్లలకు ఎలా తెలుస్తుంది? నిజంగా జరిగిందా అని ఎవరో ఒకరు అడుగుతారు. అడిగినప్పుడు నిజమే అని ఒక్క మాటతో ముగించకుండా, మనకు ఎలా తెలుసో ఒక్క వాక్యం చేర్చాలి: అప్పటివారు రాసి పెట్టారు, పత్రికల్లో వచ్చింది, రాతి మీద ఉంది, లేదా తరతరాలుగా చెప్పుకుంటున్నారు తప్ప వేరే ఆధారం దొరకలేదు. స్థలపురాణానికి ఈ చివరి మాట అన్వయించడంలో అగౌరవం ఏమీ లేదు. ఇంద్రకీలాద్రి మీద అర్జునుడి తపస్సు కథను భక్తితో విన్న పిల్లలు, ఆ కథ ఒక రకం జ్ఞానమనీ, గుహల కాలనిర్ణయం మరో రకం జ్ఞానమనీ ఎవరూ బలవంతం చేయకుండానే విడదీసుకోగలరు. ఆ విడదీత విషయంలో ఎక్కువగా తడబడేది పెద్దవాళ్ళే.

ఇంటి చరిత్ర రాసుకు రమ్మని పంపడం ఈ మధ్య బాగా వాడుకలోకి వచ్చింది. అమ్మమ్మనో తాతయ్యనో అడిగి రాయమంటారు. ఇందులో మంచి పదార్థం దొరుకుతుంది. 1950లో నరసరావుపేటలో పుట్టి, ఆ ఇల్లు కదలకుండా ఉన్న ఒక తాతయ్య మద్రాసు రాష్ట్రంలో పుట్టి, 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చి, 2014లో విభజన చూసి, 2022లో గుంటూరు జిల్లా పోయి పల్నాడు జిల్లావాసి అయ్యారు. మనిషి కదలలేదు, చిరునామా మాత్రం మారుతూ పోయింది. సరిహద్దులు మనుషులు గీసినవేనని పిల్లలకు ఇంతకంటే బాగా చెప్పగల పాఠం నాకు కనిపించదు. అయితే తాతయ్య లేని పిల్లలుంటారు. పొట్టకూటికి వేరే జిల్లా నుంచి, వేరే రాష్ట్రం నుంచి వచ్చిన వారి పిల్లలుంటారు. పాత వస్తువులు తీసుకురమ్మంటే ఒకరింటి నుంచి వెండి కుందులు వస్తాయి, ఇంకొకరికి తేవడానికి ఏమీ ఉండదు. ఊరి బావి దగ్గర ఎవరిని నీళ్ళు తోడుకోనిచ్చేవారు, ఎవరిని దూరంగా నిలబెట్టేవారు అన్న జ్ఞాపకం ఒక అవ్వ నోట వస్తే, అది తరగతిలో ఏ పిల్లవాడి మీద వాలుతుందో ముందే ఆలోచించుకోవాలి. దాచిపెట్టమని నేను అనడం లేదు. ఆ అన్యాయం జరిగిందని ఉపాధ్యాయులే తమ నోటితో, ఎవరి ఇంటి పేరూ తీయకుండా చెప్పడం న్యాయం, దాన్ని చెప్పే భారం ఎనిమిదేళ్ళ పిల్లవాడి మీద పెట్టకూడదు. ఇల్లిల్లూ అడిగించే బదులు ఒకే పెద్దమనిషిని బడికి పిలిచి తరగతి అంతా కలిసి ప్రశ్నలు వేయడం వల్ల ఈ ఇబ్బందులు చాలావరకు తగ్గుతాయి.

ఇంగ్లీషు మీడియం బడుల్లో ఇంకో చిక్కు ఉంది. అవ్వ తెలుగులో చెప్పిన పదిహేను నిమిషాల ముచ్చట నోటు పుస్తకంలోకి ఎక్కేసరికి మూడు ఇంగ్లీషు వాక్యాలై, అందులో ఆమె గొంతు గానీ వివరం గానీ మిగలదు. ఈ ఒక్క పనికైనా తెలుగులో రాయనిస్తే సరిపోతుంది.

ఇదంతా చదివిన ఉపాధ్యాయులు అడిగే మొదటి ప్రశ్న తీరిక ఎక్కడుందని. ఒకరో ఇద్దరో ఉపాధ్యాయులు ఐదు తరగతులనూ చూసుకునే ప్రాథమిక పాఠశాలల్లో అది న్యాయమైన ప్రశ్న. అయితే అడుగుల లెక్క గణితం పీరియడులోనే, శిలాఫలకం చదవడం తెలుగు పీరియడులోనే చేయించవచ్చు. మిగిలిన తరగతుల పిల్లలు కూడా వాటిలో కలవవచ్చు: మూడో తరగతివారు అడుగులు లెక్కపెడతారు, ఐదో తరగతివారు సంవత్సరాలు తీసివేస్తారు. మారవలసింది పరీక్ష పేపరు. ప్రకాశం బ్యారేజీని ఏ సంవత్సరంలో నిర్మించారు అన్న బిట్టు ఉన్నంతకాలం తల్లిదండ్రులు ఇంటి దగ్గర ఆ అంకెనే వల్లె వేయిస్తారు, వారిని తప్పు పట్టలేం. ఆ బిట్టు స్థానంలో గండి పడిన ఆనకట్ట బొమ్మ ఒకటి, బ్యారేజీ బొమ్మ ఒకటి, ఎండిన పొలం బొమ్మ ఒకటి ఇచ్చి, వరుసగా పేర్చి, రెండో బొమ్మ మొదటి దాని తరువాతే ఎందుకు పెట్టావో ఒక్క వాక్యంలో రాయమనవచ్చు. దిద్దడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, రెండు మార్కులు వేయడానికి మాత్రం ఇబ్బంది ఉండదు.